మా తాలూకా ఇంగ్లీషు గొంతు

మా తాలూకా పిల్లలకు తెలిసిన ఇంగ్లీషు మనుషులు ఇద్దరే. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఇద్దరూ మా హైస్కూలు మూడో అంతస్తు చివర మైకుగదిలో దొరుకుతారు. ఆడమనిషి పేరు కాంగ్ పేయ్‌చిన్, పన్నెండో తరగతి ఇంగ్లీషు టీచరు. మగమనిషి గూ బాబాయి. సైన్సు ల్యాబులో సీసాలు కడగడం ఆయన ఉద్యోగం, స్కూలు మైకులు చూసుకోవడం జీతం లేని అదనపు పని.

వీళ్ళిద్దరూ పదిహేనేళ్ళ పాటు నెలకు రెండుసార్లు, మాదిరి పరీక్షలప్పుడు, మైకు ముందు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. అతను రైలు ఎన్నింటికని అడుగుతాడు. ఆమె ఇప్పుడే వెళ్ళిపోయిందంటుంది. అతను సినిమాకు పిలుస్తాడు. ఆమెకు ఆ రోజే పని పడుతుంది. అతను గొడుగు పోగొట్టుకుంటాడు, ఆమె బస్సులో వెతకమంటుంది. ఆ మాటలు విని ఇరవై గదుల్లో వెయ్యిమంది పిల్లలు ఏ, బీ, సీల్లో ఒకదాన్ని నల్లగా దిద్దుతారు. దాన్ని లిజనింగ్ అంటారు. గావ్‌కావ్‌లో, అంటే పన్నెండో తరగతి చివర మా బతుకులు తేల్చే పరీక్షలో, ఇంగ్లీషుకు నూట యాభై మార్కులుంటే అందులో ముప్ఫై ఈ లిజనింగ్‌వే.

గూ బాబాయికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆయన పలకాల్సిన మాటల్ని కాంగ్ మేడం మా భాష అక్షరాల్లో రాసిచ్చేది. ఆయన దాన్ని మందుల చీటీ చదివినట్టు చదివేవాడు. ఎక్కడ నవ్వాలో అక్కడ ఎర్రపెన్నుతో 'నవ్వు' అని ఉండేది. ఒకసారి ఆ మాటను కూడా గంభీరంగా చదివేశాడు. ఆ ప్రశ్నకు అందరికీ మార్కులు కలిపారు.

అంతా మొదలైంది ఒక టేపు వల్ల. పదిహేనేళ్ళ క్రితం, మాదిరి పరీక్ష మొదలైన రెండో నిమిషంలో స్కూలుకున్న ఒక్క టేపురికార్డరు టేపును నమిలి మింగేసింది. పిల్లలు పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. అప్పటి ప్రిన్సిపాలు మెట్ల మీద చెమటలు కక్కుతున్నాడు. కాంగ్ మేడం పుస్తకం వెనక అచ్చేసిన సంభాషణల కాగితం చింపి పట్టుకుని, ల్యాబు ముందు సీసా కడుగుతున్న గూ బాబాయిని తడిచేతులతోనే లాక్కెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టింది. ఆ రోజు పిల్లలకు ఎన్నడూ రానన్ని మార్కులు వచ్చాయి. మార్కులు వచ్చిన పద్ధతిని మా స్కూల్లో ఎవరూ వదులుకోరు. టేపురికార్డరు బాగుచేయించారు కానీ దాంట్లో పొద్దున వ్యాయామం పాటలే పెట్టేవారు.

నేను గావ్‌కావ్ రాసిన రోజు మా అమ్మ నాకు పంది చెవులు వండిపెట్టింది. ఏ అవయవం బలపడాలంటే ఆ అవయవం తినాలని మా వాళ్ళ నమ్మకం. లిజనింగ్‌లో మా తాలూకా ప్రతి ఏడూ జిల్లాలో చిట్టచివర ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు పేపరు జరిగే జూన్ ఎనిమిదిన మా బజారులో పంది చెవులు దొరకవు. పొద్దున ఆరింటికే తల్లులు కొట్టుకుని కొనుక్కుపోతారు. ఇప్పటి ప్రిన్సిపాలు లియావ్ గారైతే దీనికి ఒక సిద్ధాంతమే చెప్పారు. మనది నది ఒడ్డు ఊరు, పిల్లలు చిన్నప్పట్నుంచీ ఈతకొడతారు, చెవుల్లో నీరు చేరి ఉంటుంది అని. తల్లిదండ్రుల సమావేశంలో అందరూ తలలూపారు. ఇద్దరు తండ్రులు నోటుబుక్కులో రాసుకున్నారు కూడా.

మధ్యాహ్నం మూడింటికి స్పీకర్లు గురగురమన్నాయి. ఒక ఆడమనిషి మాట్లాడటం మొదలుపెట్టింది. కాంగ్ మేడం కాదు, పైనుంచి వచ్చిన టేపు. నోట్లో వేడి టోఫు ముక్క పెట్టుకుని మింగలేక కక్కలేక మాట్లాడుతున్నట్టు ఉంది. తర్వాత ఒక మగవాడు. వాడు గూ బాబాయిలా మాట మాటకీ ఆగడం లేదు. నా ముందు బెంచీలో అమ్మాయి తలెత్తి స్పీకరు వైపు చూసింది, చెడిపోయిందేమోనని. నేనూ చూశాను. గదిలో అందరం స్పీకరు వైపే చూస్తున్నాం. నాకు ముప్ఫైకి తొమ్మిది వచ్చాయి. ఆరు మార్కుల తేడాతో ప్రావిన్సు రాజధానిలో చదువు పోయింది. ఒక మూల ఊరి టీచర్ ట్రైనింగు కాలేజీలో పడ్డాను. అక్కడ రెండేళ్ళు చెవిలోంచి రేడియో తీయలేదు. చదువయ్యాక ఎక్కడా పోస్టు దొరక్క మళ్ళీ మా స్కూలుకే టీచరుగా వచ్చాను, కాంగ్ మేడం మీద పళ్ళు నూరుకుంటూ.

ఆమె ఎలాంటిదో చెప్పాలి. పొట్టి మనిషి. సుద్దపొడి పడకుండా చేతులకు పూల గుడ్డ తొడుగులు, చంకలో టీ ఫ్లాస్కు, జేబులో పొద్దుతిరుగుడు గింజలు. పొద్దున ఏడింటికి క్లాసులోకి వచ్చేసరికి నువ్వుల ముద్ద కలిపిన నూడిల్సు తిన్న గుర్తు పెదవి మీద ఉండేది, చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. భర్త మూడో నంబరు బస్సు డ్రైవరు.

ఆమె ఇంగ్లీషు నేర్పేది కాదు. ప్రశ్నపత్రం రాసేవాడి బుద్ధి నేర్పేది.

"ఒరేయ్, ఆ పేపరు రాసేవాడూ మనిషే. వాడికీ పెళ్ళాముంది, వాడికీ బద్ధకముంది. వాడేం రాస్తాడో ఆలోచించండ్రా. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మగాడు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. ఆ సంగతి ఆడదానికి ముందే తెలుసు. ఒకడు భోజనానికి పిలిస్తే రెండోది రాదు. వస్తే అక్కడ ప్రశ్నేముంది? కొట్లో మొదట చెప్పిన ధర జవాబు కాదు. ఎందుకు కాదు?"

"బేరమాడతారు మేడం."

"ఆడకపోతే?"

"రెండు కొంటారు మేడం."

"చూశావా, వినకుండానే తెలిసిపోయింది."

రీడింగుకు కూడా అదే వైద్యం. వ్యాసం చదవక ముందే జవాబులు చదవమనేది. 'అందరూ', 'ఎప్పుడూ' అని ఉన్న జవాబు దగ్గరికి పోవద్దనేది. మూడు పొడుగ్గా ఉండి ఒకటి పొట్టిగా ఉంటే పొట్టిదే దిద్దమనేది. చివర్లో రచయిత ఉద్దేశం అడిగితే కాస్త ఆశ ఉన్నదాన్ని పట్టుకోమనేది, ఏడ్చేవాడి వ్యాసాన్ని పరీక్షలో ఎవరు పెడతారని. ఈ సూత్రాలు పనిచేసేవి. రీడింగులో మా స్కూలు జిల్లాలో మూడోది, నాలుగోది. లిజనింగ్‌లో పోయింది అక్కడ పూడేది. అందుకే మా చెవుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నేను చేరిన కొత్తలో సమావేశంలో లేచి, అసలు టేపులు పెట్టి వినిపిద్దామన్నాను. కాంగ్ మేడం గింజ కొరుకుతూ నా వైపు చూసింది.

"మెంగూ, పిల్లాడికి ముందు వినబడాలి కదే, తర్వాత కదా ఆలోచించేది? బజారు టేపులు చెవులు పాడుచేస్తాయి. నా గొంతుకేమొచ్చింది?"

అందరూ నవ్వారు. నన్ను పదో తరగతికి వేశారు. మూడేళ్ళ తర్వాత గానీ పన్నెండుకు పంపలేదు.

ఆ ఏడు ఏప్రిల్‌లో జిల్లా నుంచి రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, ఇక మాదిరి పరీక్షల్లో లిజనింగ్ ఏ స్కూలూ సొంతంగా చదవకూడదు, ప్రావిన్సు పంపే సీడీలే పెట్టాలి. రెండోది, టీచర్లు నీళ్ళలో దిగాలి. ఈతనేర్పేవాడు గట్టు మీద నిలబడి చెబితే కుదరదని, మా దగ్గర ఏడాదికోసారి టీచర్ల చేత కూడా పిల్లల పేపరే రాయించి, మార్కులు గేటు దగ్గర బోర్డుకు అంటిస్తారు. పిల్లలు అన్నం తినడం మానేసి అది చూడటానికి పోతారు. ఆ ముందు ఏడు లెక్కల మాస్టారికి పిల్లవాడి కంటే తక్కువొస్తే, ఆయన వారం రోజులు వెనక గేటు నుంచి వచ్చాడు. కాంగ్ మేడం ఎప్పుడూ పూర్తి పేపరు రాయలేదు. లిజనింగ్ జరిగే అరగంట ఆమె మైకు ముందు ఉండేది కదా. ఈసారి ఆమె కూడా బెంచీ మీద కూర్చోవాలి. ఆగస్టులో ఆమె రిటైరవుతోంది. అదే ఆమె చివరి పేపరు.

ఉత్తర్వు వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, స్కూలంతా బెంచీల మీద తలలు వాల్చి నిద్రపోయే వేళ, వైరు కోసం మైకుగదికి వెళ్ళాను. లోపల్నుంచి టోఫు గొంతులు వినిపించాయి. తలుపు తోశాను. కాంగ్ మేడం టేపురికార్డరుకు చెవి ఆనించి కూర్చుని ఉంది. ముందు ఒక పాత గావ్‌కావ్ పేపరు.

"తలుపు వెయ్యి."

వేశాను.

"లోపలికొచ్చి వెయ్యవే."

లోపలికి వచ్చి వేశాను. కాగితం మీద ఇరవై జవాబులున్నాయి. ఎర్రపెన్నుతో తనే దిద్దుకుంది.

"ఎన్ని?"

"కళ్ళు లేవా? ఏడు. నా సూత్రాలేవీ వాడలేదు. ప్రశ్నలు ముందుగా చదవకుండా, ఒట్టి చెవులతో చేశాను."

"ఇరవైకి ఏడా? పిల్లిని పేపరు మీద నడిపించినా ఏడొస్తాయి మేడం. మూడింట్లో ఒకటి కదా."

"తెలుసు. లెక్క నాకూ వచ్చు."

ఆమె పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. ముక్కు అప్పటికే సూదిలా ఉంది, అయినా చెక్కుతోంది.

"నాకెవరు నేర్పారే? మా ట్రైనింగు కాలేజీలో మాకు చెప్పినాయన రష్యన్ మాస్టారు. పైనుంచి రష్యన్ తీసేసి ఇంగ్లీషు పెట్టమన్నారు. ఆర్నెల్లు పుస్తకం చూసి నేర్చుకుని మాకు చెప్పాడు. టేపు లేదు, రేడియో లేదు. ఆయన ఎలా పలికితే నేనూ అలా పలికాను. నేను పలికినట్టు మీరు విన్నారు. ఇప్పటిదాకా ఇంగ్లీషువాణ్ణి ఒక్కణ్ణి కూడా కళ్ళతో చూడలేదు నేను."

మా తాలూకా ఇంగ్లీషులో 'ర' పలికినప్పుడల్లా వచ్చే గరగర ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఆ రోజు తెలిసింది. దాచుకోవడమెందుకు, ముందు నాకు సంతోషమేసింది. బోర్డు మీద ఆమె పేరు, పక్కన ఏడు, కింద నోరు వెళ్ళబెట్టిన పిల్లలు. ఏళ్ళ తరబడి నేను కోరుకున్న బొమ్మ అది. నేను ఏమీ చేయనక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

"ఇంకా ఆరు వారాలుంది," అంది ఆమె, పెన్సిలు వైపే చూస్తూ. "నేర్పుతావా?"

పెన్సిలు ముక్కు విరిగితే మళ్ళీ చెక్కుతోంది. ముప్ఫైయేళ్ళుగా ఈ తాలూకాలో ఆ మనిషిని చూస్తే వణికింది మేము. అలాంటి మనిషి నన్ను అడుక్కోవడం నాకు నచ్చలేదు.

"రేపు పన్నెండున్నరకి రండి," అన్నాను. "గింజలు తేవద్దు. కొరుకుతుంటే వినబడదు."

అంత చెడ్డ స్టూడెంటు నాకు మళ్ళీ దొరకలేదు. టేపుతో పోట్లాడేది. ఆమెకు అర్థం కాని మాట వస్తే తప్పు మాట్లాడినవాడిది.

"ఏమే, వాడికి నోరు తెరవడానికి బద్ధకమా? రెండు మాటల్ని ఒకే సంచిలో కుక్కి విసిరేస్తున్నాడు."

"వాళ్ళలాగే మాట్లాడుకుంటారు మేడం. మీరూ మీ ఆయనతో మాట విడదీసి పలుకుతారా?"

"మా ఆయనతో నాకు మాటలెందుకు? చూస్తే చాలు, బస్సు ఆపేస్తాడు."

రోజూ తామరదుంప, ఎముకల పులుసు ఒక గిన్నెలో తెచ్చేది, ఫీజు అని. గూ బాబాయి గుమ్మం దగ్గర కాపలా కూర్చునేవాడు. ఎవరైనా వస్తే దగ్గేవాడు. ఆయనకు రోజంతా దగ్గే అలవాటుంది కాబట్టి మేం రోజుకు పదిసార్లు టేపు ఆపేవాళ్ళం. మూడు వారాలకు ఏడు ఎనిమిదైంది. అయిదు వారాలకు తొమ్మిది. ఆమె రాత్రిపూట నిద్రపోవడం లేదని మొహం చూస్తే తెలిసేది. యాభై నాలుగేళ్ళ చెవి అది. అంత తొందరగా వంగదు.

పరీక్షకు ముందురోజు జిల్లా నుంచి సీలువేసిన సంచిలో సీడీ వచ్చింది. దాన్ని భద్రపరచాల్సింది గూ బాబాయే. మధ్యాహ్నం ఆ సంచి తెచ్చి మా ముందు పెట్టాడు.

"కాంగ్ టీచరూ, ఈ సీలు ల్యాబులో ఆవిరి పడితే ఊడొస్తుంది. మళ్ళీ అంటుకుంటుంది. నేను చూసుకుంటాను."

ఆమె సంచి తిప్పి సీలు మీద వేలు పెట్టి చూసింది. నేను కిటికీ వైపు చూశాను. వద్దనాలో ఊరుకోవాలో నాకు తెలియలేదు.

"ఏమోయ్ గూ, ఈ స్కూల్లో ఇంకొకడి పేపరు చూసి రాసినందుకు నేను ఎంతమంది వీపులు వాయగొట్టానో నీకు తెలుసా?"

"తెలుసు. మా తమ్ముడి కొడుకు వీపూ వాయగొట్టావు."

"వాడికి నేనేం మొహం పెట్టుకుని కనబడను? తీసుకుపో, నా కళ్ళ ముందు ఉంచకు."

మర్నాడు మూడింటికి పెద్ద హాల్లో ఇంగ్లీషు టీచర్లందరం విడివిడి బెంచీల మీద కూర్చున్నాం. నేను ఆమెకు రెండు వరుసల వెనక ఉన్నాను. మొదటి సంభాషణ వచ్చింది. ఆమె తల కొంచెం ముందుకు వంగింది, దిద్దింది. రెండోది, దిద్దింది. మూడో దానికి తల ఇటూ అటూ తిప్పింది. నాలుగో దానికి పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది. అయిదోది అయ్యేసరికి వీపు మొత్తం జారిపోయింది. అక్కడ ఆమె చేసిన పని నేను చూశాను. పేపరు దగ్గరికి లాక్కుని, మిగతా ప్రశ్నలన్నీ గబగబా చదివి, స్పీకరులో వాళ్ళు నోరు తెరవక ముందే, వరసపెట్టి చివరిదాకా దిద్దేసింది. ముప్ఫైయేళ్ళ అలవాటు. తర్వాత పెన్సిలు పక్కన పెట్టి, ఒళ్ళో చేతులు పెట్టుకుని మిగతా లిజనింగంతా ఖాళీగా కూర్చుంది.

మూడో రోజు గేటు దగ్గర ఎర్రకాగితం అంటించారు. కాంగ్ పేయ్‌చిన్, లిజనింగ్, ఇరవైకి పద్దెనిమిది. ఇంగ్లీషు టీచర్లందరిలో మొదటి స్థానం. నాకు పదిహేడు. ఆమెను చూస్తూ మధ్యలో రెండు ప్రశ్నలు వదిలేశాను, లేకపోతే కథ వేరుగా ఉండేది. పిల్లలు బోర్డు ముందు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు లియావ్ గారు పరుగున వచ్చి, సోమవారం జెండా ఎగరేశాక కాంగ్ మేడం 'చెవికి పదును పెట్టడం ఎలా' అనే అంశం మీద స్కూలంతటికీ ఉపన్యాసమిస్తారని అక్కడికక్కడే ప్రకటించారు. జిల్లా వాళ్ళను కూడా పిలుస్తానన్నారు.

మధ్యాహ్నం ఆమె మైకుగదికి వచ్చింది. పులుసు తేలేదు.

"అయిదు విన్నాను," అంది. "నాలుగే అనుకో. అయిదోది సగం."

"ఎవరికి తెలుసు మేడం? పద్దెనిమిది అంటే పద్దెనిమిదే. పరువు నిలబడింది. ఆగస్టులో హాయిగా వెళ్ళిపోండి."

"నీకు తొమ్మిది వచ్చాయి."

"ఏంటి?"

"నువ్వు గావ్‌కావ్ రాసినప్పుడు. లిజనింగ్‌లో ముప్ఫైకి తొమ్మిది. నీ పక్కింటి దానికి పదిన్నర. మీ బ్యాచి అందరివీ చూశాను. ప్రతి ఏడూ చూస్తాను."

నాకు చెవులు వేడెక్కాయి.

"చూసీ ఎందుకు ఆపలేదు? నీళ్ళు చేరాయని, పంది చెవులు తినాలని అందరూ చెవుల్లో పువ్వులు పెడుతుంటే మీరు కూర్చుని గింజలు కొరికారా?"

"అసలు టేపు పెడితే మీలో ఎవరో ఒకరు చెయ్యెత్తి అడుగుతారు. మేడం, ఇప్పుడామె ఏమంది అని. అడిగితే నేనేం చెప్పను?"

దానికోసం. పదిహేనేళ్ళ పాటు, ఏడాదికి వెయ్యిమంది. ఒక్క ప్రశ్న ఎవరూ తనను అడగకూడదని. నాకు ఒళ్ళు మండిపోయింది. అరుద్దామనుకున్నాను కానీ గొంతులోంచి చిన్నగా వచ్చింది.

"ఆరు మార్కుల్లో పోయింది నాకు."

"తెలుసు."

"తెలుసు అంటే సరిపోతుందా?"

"సరిపోదు," అంది. క్షమించమనలేదు. అని ఉంటే నేను లేచి పోయేదాన్ని.

సోమవారం జెండా ఎగిరింది. మూడు వేలమంది పిల్లలు ఎండలో వరసల్లో నిలబడ్డారు. జిల్లా నుంచి ఇద్దరు అధికారులు కుర్చీల్లో కూర్చున్నారు. లియావ్ గారు పావుగంట పొగిడి మైకు ఇచ్చారు. కాంగ్ మేడం చేతిలో కాగితం లేదు.

"పేపరులో నాకు పద్దెనిమిది వచ్చాయి," అంది. చప్పట్లు మొదలయ్యాయి. "ఆగండి. చప్పట్లు తర్వాత. అందులో నేను విన్నవి నాలుగున్నర. మిగతావి వాళ్ళు మాట్లాడక ముందే దిద్దేశాను. మీకు నేర్పింది కూడా అదే. ఆ టేపులో వాళ్ళు మాట్లాడేది నాకు అర్థం కాదు. ఎప్పుడూ కాలేదు. మీ చెవుల్లో నీళ్ళూ లేవు, ఏమీ లేవు. మీకు వినిపించాల్సింది వినిపించకుండా నా గొంతు వినిపించాను. అంతే."

లియావ్ గారు లేచి మైకు వైరు వైపు చెయ్యి చూపిస్తూ పైకి సైగలు చేశారు, ఆపెయ్యమని. మూడో అంతస్తు కిటికీలో గూ బాబాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అర్థం కానట్టు తలూపాడు. గొంతు ఇంకా పెద్దదైంది.

"గావ్‌కావ్‌కు ఇంకా పదిహేడు రోజులుంది. ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం పెద్ద హాల్లో అసలు టేపు పెడతాం. మెంగ్ టీచరు చెబుతుంది. నేను మొదటి బెంచీలో కూర్చుంటాను. నన్ను చూసి నవ్వాలనుకున్నవాడు నా పక్కన కూర్చుని నవ్వాలి. దూరం నుంచి నవ్వితే నాకు వినబడదు."

మూడు వేలమందిలో ఎవరూ నవ్వలేదు. జిల్లా అధికారి ఒకాయన మాత్రం తల వంచుకుని బూట్లు చూసుకున్నాడు. ఆయనా మా స్కూలు పిల్లవాడే, ఆమె స్టూడెంటే.

ఆ మధ్యాహ్నం హాల్లోకి రెండొందల మంది వచ్చారు. సగం మంది చదువుకోవడానికి, సగం మంది ఆమెను చూడటానికి. కాంగ్ మేడం మొదటి బెంచీలో ఇద్దరు ఆడపిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. చేతులకు పూల తొడుగులు అలాగే ఉన్నాయి. నేను టేపు పెట్టాను. ఒక ఆడమనిషి ఒక వాక్యం చెప్పింది. ఆపాను.

"ఇప్పుడామె ఏమంది?"

హాలంతా తలలు దించుకుంది. మా స్కూల్లో తెలిస్తేనే చెయ్యెత్తాలి. తెలియకపోతే బల్ల మీద గీతలు లెక్కపెట్టుకోవాలి. నేర్పింది ఆవిడే. నా వైపు ఎవరూ చూడటం లేదు. నేను ఆమె వైపు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.

మొదటి బెంచీలో పూల తొడుగున్న చెయ్యి లేచింది. ఆమె లేచి నిలబడింది, పిల్లలు నిలబడినట్టే, చేతులు కిందికి పెట్టుకుని.

"నాకు తెలియలేదు, టీచర్. ఇంకోసారి పెట్టండి."

నన్ను ఆమె టీచర్ అని పిలవడం అదే మొదటిసారి. నేను టేపు వెనక్కి తిప్పాను. తిప్పుతుండగా వెనక వరసలో ఎవరో, నాకూ తెలియలేదు టీచర్ అన్నారు. పక్కనుంచి ఇంకొకరు. తర్వాత ఎంతమంది చేతులెత్తారో నేను లెక్కపెట్టలేదు. ఆ గంటలో పాఠం ఏమీ ముందుకు సాగలేదు. ఆ ఒక్క వాక్యాన్నే పదకొండు సార్లు పెట్టాను.